పర్వదిన సమాగమములు – వంశస్మృతి పరిరక్షణము

సంస్కృతమున 'పర్వ' శబ్దమునకు కణుపు అను అర్థము ప్రసిద్ధము. చెఱకుగడయందును వెదురునందును రెండు భాగములు కలిసిన తావు పర్వము. అమావాస్యా పూర్ణిమలకు పర్వతిథులని వ్యవహారము కలిగినదియు, పండుగకు పర్వదినమని పేరు వచ్చినదియు ఈ అర్థము నాశ్రయించియే. సంవత్సరగమనమున పండుగ యొక కణుపు. తెలుగు కుటుంబముల విషయమున ఈ మాటకు మఱియొక సార్థకత కలదు. ఏడాది పొడుగున వేర్వేరు ఊళ్లలో నుండు అన్నదమ్ములు, ఆడపడుచులు, అల్లుండ్రు, మనుమలు ఒక కప్పు క్రింద చేరునది పర్వదినముననే. చెఱకుగడలో కొత్త మొలక కణుపునొద్దనే పుట్టును. వంశమును గూర్చిన తెలివిడి ఒక తరమునుండి మఱియొక తరమునకు చేరునదియు ఇట్టి కణుపులయొద్దనే.

పర్వదినకర్మలు వంశస్మృతిని ఎంతవఱకు నిలుపుచున్నవి? ఆ హద్దునకు ఆవల నున్న దానిని నిలిపిన సాధనములెవ్వి? ఆ సాధనములు తఱిగిన ఈ కాలమున పండుగకు కూడిన కుటుంబము చేయదగిన దేమి? ఈ మూడు ప్రశ్నలును ఈ వ్యాసమునకు విషయములు.

1. తర్పణము – మూడు తరముల హద్దు

మకరసంక్రమణము సాధారణముగా జనవరి 14 లేదా 15వ తేదీని వచ్చును. ధర్మశాస్త్రనిబంధములు చెప్పు షణ్ణవతి శ్రాద్ధములలో, అనగా 96 శ్రాద్ధములలో, సంక్రమణములు 12 చేరియున్నవి. కావున సంక్రాంతి పంటల పండుగ మాత్రమే కాదు, పితృదేవతల పండుగ కూడ. తర్పణవిధి గలవారు తిలోదకములు విడుతురు. ఆ విధి లేనివారును పెద్దల పేర కొత్తబట్టలు పెట్టి, వండిన వంటలు నివేదించి నమస్కరింతురు. దీనినే 'పెద్దలకు పెట్టుకొనుట' యందురు. తెలంగాణమున మహాలయామావాస్యకు 'పెత్రమాస' యని వ్యవహారము. ఆనాడు పెద్దల పేర బియ్యము, కూరగాయలు ఇచ్చుట ఆచారము. ఎంగిలిపూల బతుకమ్మయు ఆనాడే ఆరంభమగుటచే పెద్దల స్మరణమును, ఆడపడుచుల రాకయు ఒకే దినమున కలిసివచ్చును. తెలుగు క్రైస్తవులలో అనేకులు నవంబరు 2వ తేదీని సమాధులను అలంకరించి దీపములు వెలిగించుటయు ఈ జాతిదే. మతము వేఱైనను పోయినవారిని పేరు పెట్టి తలచుకొనుట సమానము.

తర్పణమున కర్త తండ్రి, తాత, ముత్తాతలను గోత్రనామములతో చెప్పి వారిని క్రమముగా వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా భావించును. తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారు. మాతామహుడు మొదలుగా ముగ్గురు. వారి భార్యలు ముగ్గురు – ఇట్లు 12 పేర్లు అతని నోటికి రావలెను. వివాహమున కన్యాదానసమయమునందును వధూవరుల ముత్తాత, తాత, తండ్రుల పేర్లు నప్తృ, పౌత్ర, పుత్ర శబ్దములతో సభలో చదువబడును. ఏ గ్రంథమును చూడకయే 12 పేర్లు పలుకగల్గుటకు కారణము ఈ ఆవృత్తియే. ఏటేట పలుకుటచే అవి మఱపునకు రావు.

శాస్త్రకారులు మఱపును కూడ ఊహింపకపోలేదు. పితరుల పేర్లు తెలియనిచో తండ్రిని పృథివీషత్తనియు, తాతను అంతరిక్షసత్తనియు, ముత్తాతను దివిషత్తనియు చెప్పి కర్మ నడపవచ్చునని సూత్రగ్రంథములు అనుమతించినవి. గోత్రము తెలియనివారికి కాశ్యపగోత్రము చెప్పుట ప్రసిద్ధము. కర్మ లోపింపకుండుటకు ఇది చాలును గాని వంశస్మృతికి చాలదు. దివిషత్తు అన్న మాటలో ఏ ముత్తాతయు గుర్తుకు రాడు.

2. సపిండులు, లేపభాగులు, సమానోదకులు

తండ్రి, తాత, ముత్తాతలు పిండభాగులు. వారికి పైనున్న మువ్వురు లేపభాగులు, అనగా పిండప్రదానానంతరము చేతికి అంటిన లేపము మాత్రమే పొందువారు. పిండము పెట్టువాడు ఏడవవాడు. ఇది సాపిండ్యమునకు ఒక వివరణము. కల్యాణి చాళుక్య ప్రభువైన ఆఱవ విక్రమాదిత్యుని (1076–1126) ఆస్థానమున నుండిన విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో పిండశబ్దమునకు శరీరమని అర్థము చెప్పి, ఏకశరీరావయవసంబంధమునే సాపిండ్యముగా నిరూపించెను. జీమూతవాహనుడు దాయభాగమున పిండదానసంబంధమునకే ప్రాధాన్యమిచ్చెను. ఏ మతమునందైనను తరముల లెక్క తెలియకున్నచో సాపిండ్యనిర్ణయము పొసగదు. 1955 నాటి హిందూ వివాహచట్టము కూడ తల్లివైపు మూడు తరములు, తండ్రివైపు ఐదు తరములు లెక్కించి సాపిండ్యమును నిర్వచించినది. మేనఱికము వంటి ఆచారములకు ఆ చట్టమే మినహాయింపు నిచ్చినది.

ఇందు విశేషముగా గమనింపదగినది మనుస్మృతి పంచమాధ్యాయమున కలదు. సాపిండ్యము ఏడవ పురుషునితో నివర్తించునని చెప్పి, సమానోదకభావము మాత్రము జన్మనామములు తెలియనప్పుడు నివర్తించునని ఆ స్మృతి చెప్పినది. మొదటిదానికి సంఖ్య హద్దు. రెండవదానికి జ్ఞానము హద్దు. ఫలానివాడు ఈ వంశమున పుట్టెననియు, అతని పేరు ఇదియనియు తెలిసినంతవఱకు అతడు బంధువు. తెలియని క్షణమున బంధుత్వము ముగిసినది. ఇచ్చట బంధుత్వమును తెంచినది మరణము కాదు, దూరము కాదు, పేరు మఱచుట. వంశస్మృతిని గూర్చి ఇంతకంటె కఠినమైన మాట మఱియొకటి కానరాదు.

3. ప్రవరకును ముత్తాతకును నడుమ

గోత్రప్రవరలు నిత్యము చెప్పుకొను కుటుంబమున స్మృతికి రెండు కొనలు కలవు. ఒక కొనయందు ఋషులు. భారద్వాజగోత్రుడు తన ప్రవరలో ఆంగిరస, బార్హస్పత్య, భారద్వాజులను తడబాటు లేక చెప్పును. రెండవ కొనయందు ముత్తాత. ఈ రెండు కొనల నడుమ నున్న ఖాళీ కొలతకు అందనిది. ఋషిని ఎఱిగినవాడు ముత్తాత తండ్రిని ఎఱుగడు. ఇంటిపేరు ఆ ఖాళీలో ఒక చిన్న గుఱుతు మాత్రమే. వేటూరి, మల్లంపల్లి, నేలటూరి వంటి ఇంటిపేర్లు గ్రామనామరూపములు. వంశము ఒకప్పుడు ఏ యూరినుండి కదలెనో అవి సూచించును గాని, కదలినవాడు ఎవడో, ఎందులకు కదలెనో చెప్పవు.

ఈ ఖాళీని పూరించిన ఉదాహరణములలో తాళ్లపాకవారిది ముఖ్యమైనది. రాజంపేట సమీపమున నున్న తాళ్లపాక ఈ వంశమువారి ఊరు. అన్నమాచార్యుని మనుమడును, పెదతిరుమలాచార్యుని కుమారుడును అగు చినతిరువేంగళనాథుడు, అనగా చిన్నన్న, తాతగారి చరిత్రమును ద్విపదలో రచించెను. దీనిని 1949లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులమైన పీఠికతో ప్రకటించిరి. అందు అన్నమయ్య తాతయైన నారాయణయ్య బాల్యవృత్తాంతము కలదు. ఊటుకూరున చదువ నుంచినను అతనికి చదువు రాలేదు. గురువు దండనలకు ఓర్వలేక ఆ బాలుడు చింతలమ్మ గుడియొద్ద పుట్టలో చేయిపెట్టి పాముకాటుతో చావనెంచెను. అమ్మవారు ప్రత్యక్షమై వారించి, మూడవ తరమున పరమభక్తుడు జన్మించునని చెప్పెను.

తరముల లెక్క వేసిచూచినచో ఇందలి విశేషము తెలియును. చిన్నన్నకు తండ్రి పెదతిరుమలాచార్యుడు, తాత అన్నమాచార్యుడు, ముత్తాత నారాయణసూరి. నారాయణయ్య నాల్గవవాడు; లేపభాగులలో మొదటివాడు. చిన్నన్న చేయు తర్పణమున ఆ పేరు ప్రత్యేకముగా పలుకబడదు. అయినను చదువురాక కంటతడి పెట్టిన ఆ బాలుని దైన్యము నేటికిని తెలుగు పాఠకులకు తెలియును. ఇంటిలో చెప్పుకొనిన కథను మనుమడొకడు వ్రాసి పెట్టుటయే దీనికి కారణము. గొప్పలను మాత్రమే ఏఱి వ్రాయు వంశావళిలో ఇట్టి కథకు చోటు దొరకదు. గొప్పవానితోపాటు చదువురానివానిని కూడ నిలిపినందుననే అది చరిత్రమైనది.

4. కుటుంబము వెలుపలి స్మృతిధరులు

పూర్వము వంశస్మృతిభారము కుటుంబముపై మాత్రమే ఉండెడిది కాదు. కావ్యావతారికలలో కృతిభర్తృవంశవర్ణన చేయు కవులు రాజమంత్రిశ్రేష్ఠుల కులములను నిలిపిరి. శ్రీనాథుని భీమేశ్వరపురాణము వలన బెండపూడి అన్నయమంత్రి వంశమును, శృంగారనైషధము వలన మామిడి సింగన వంశమును తెలియుచున్నవి. కావ్యము కృతినొందు భాగ్యము లేని కుటుంబములకు వేఱు సాధనములుండెను.

వానిలో మొదటిది గ్రామకరణముల కవిలె. భూమి, మాన్యము, కాపురము, తగవులు ఇందు చేరెడివి. కాలిన్ మెకంజీ (1754–1821) కొఱకు కావలి వేంకటబొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగువారు సేకరించిన కైఫీయతులకు ఇట్టి కవిలెలు ముఖ్యాధారములు. వానిని సి.పి. బ్రౌను ప్రతులు వ్రాయించెను. ఆంధ్రప్రదేశమున 1984లో వంశపారంపర్య గ్రామాధికారములు రద్దయినవి. ఉద్యోగము పోయిన పిమ్మట ఇండ్లలో మిగిలిన పాత కాగితములను కాపాడుటకు నిర్బంధము గాని, ప్రయోజనము గాని కనబడక అవి అనేక చోట్ల చెదలపాలైనవి.

రెండవది ఆశ్రితగాయకుల వాక్కు. రెడ్లు మొదలగు కాపుకులములకు పిచ్చికుంట్లవారు, పద్మశాలీలకు సాధనాశూరులు, కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు గోత్రములను, ఇంటిపేర్లను, కులపురాణములను చెప్పెడివారు. పంట ఇంటికి చేరు సంక్రాంతివేళ వీరికి ధాన్యము దొరకెడిది. పెట్టుచేయి తఱుగుటచే చెప్పునోరును తఱిగినది. ఈ గాయకుని వారసుడు కూలికో, ఉద్యోగమునకో పోయినపుడు నష్టపడునది అతని కుటుంబము మాత్రమే కాదు. అతడు కంఠస్థము చేయవలసిన ఇంటిపేర్ల వరుసయు అతనితోనే ఆగిపోవును.

మూడవది క్షేత్రపురోహితుల వహీలు. హరిద్వారాది క్షేత్రములయందు పండాలు యాత్రికుల పేర్లను, ఊళ్లను, తరములను వ్రాసియుంచుట ప్రసిద్ధము. యాత్రికుని తాత వచ్చిపోయిన నాటి చేవ్రాలు కొన్ని చోట్ల అందు దొరకును.

విదేశమునందలి ఒక ఉదాహరణమును ఇచ్చట పోల్చి చూడదగును. 19వ శతాబ్దమున ఒప్పందపు కూలీలుగా మారిషస్ చేరిన తెలుగువారి పేర్లు, తండ్రి పేర్లు, స్వగ్రామములు వలసపత్రములలో నమోదైనవి. మోకాయందలి మహాత్మాగాంధీ సంస్థ భాండాగారమున అవి భద్రముగా నున్నవి. ఉగాది, సింహాద్రి అప్పన్న పూజ, రామభజనము అచ్చటి తెలుగువారిలో నిలిచినవి. ఆచారమును కుటుంబము నిలిపినది, పేరును పత్రము నిలిపినది. దూరదేశమునకు కూలికి పోయినవాని పేరు దొరకుచుండగా, ఊరిలోనే నిలిచిన అతని తమ్ముని పేరు దొరకకపోవుట అసంభవము కాదు. ఒకటి వ్రాయబడినది, రెండవది వ్రాయబడలేదు.

5. ఇంటిలోని స్మృతికి కలుగు చిక్కులు

ఇంటిలో నోటిమాటగా నిలుచు స్మృతికి మూడు సహజమైన చిక్కులు కలవు.

మొదటిది నామావృత్తి. తాత పేరు మనుమనికి పెట్టుట తెలుగువారి ఆచారము. ఇందువలన పేరు నిలుచును గాని వ్యక్తి చెదరును. ఒకే పేరు తరము విడిచి తరమున వచ్చుటచే చెఱువు త్రవ్వించినవాడు తాతయో, మనుమడో తెలియదు. ఇద్దఱి పనులు ఒకనికి చేరును. నడుమ రెండు తరములు లెక్కనుండి జాఱును.

రెండవది కాలనిర్ణయము. ఆబ్దికము నిలుపునది మాసము, పక్షము, తిథి. సంవత్సరము నిలువదు. సంవత్సరము పేరు జ్ఞాపకమున్నను 60 ఏండ్ల చక్రమున అది మరల వచ్చును. దుందుభి యనినచో 1502–03 కావచ్చును, 1922–23 కావచ్చును, 1982–83 కావచ్చును. అన్నమాచార్యుని రాగిఱేకు ఈ సందేహమునకు తావీయలేదు. శకవర్షము 1346 క్రోధి యనియు, శకవర్షము 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి యనియు అందున్నది. ఆ శకవర్షము లేకున్నచో ఈ దినమును 1503 ఫిబ్రవరిగా నిర్ణయించుట ఇంత సులభము కాకపోయెడిది.

మూడవది స్త్రీల పేర్ల లోపము. వివాహమున స్త్రీకి గోత్రము మాఱును, ఇంటిపేరును మాఱును. తర్పణమున ఆమె పేరు భర్తృగోత్రముతోనే వచ్చును. ఆమె పేరు చెప్పు ఆ వాక్యమున ఆమె పుట్టినిల్లు ఏదో తెలియదు. అత్తగారి పేరు పెట్టిన బిడ్డను ఆ పేరుతో పిలుచుట తగదని అమ్మడు, పాపాయి, బుల్లెమ్మ యని పిలుచుటచే అసలు పేరు పిల్లలకు తెలియకయే పోవును. అయినను పండుగ నడుపునది స్త్రీయే. బొమ్మలకొలువులోని కొండపల్లి బొమ్మ ఎవరి సారెతో వచ్చినదో, అరిసెల పాకము ఎవరు నేర్పిరో, మంగళహారతి పాట ఏ ఊరినుండి వచ్చినదో ఆమెకే తెలియును. తాళ్లపాక తిమ్మక్క సుభద్రాకల్యాణమును రచించుటచే ఆమె పేరు సాహిత్యచరిత్రమున నిలిచినది. కావ్యము వ్రాయని తిమ్మక్కలకు పండుగనాటి సంభాషణమే గ్రంథము.

6. పండుగనాడు చేయదగిన పని

పర్వదినమున కూడిన కుటుంబము వంశస్మృతిని నిలుపుటకు పాటింపదగిన క్రమము ప్రాచ్యవిద్యార్థులకు కొత్తది కాదు. ప్రతులను సేకరించి, పాఠములను పోల్చి, పరిష్కరించు పద్ధతియే ఇచ్చటను పనికివచ్చును.

తెలిసినవారినుండి తెలియనివారివైపు నడచుట ప్రథమసూత్రము. తర్పణమున వచ్చు 12 పేర్లు వ్రాసికొని వానిపై ఒక్కొక్క తరము చేర్చవలెను. ప్రతి పేరునకు అసలు పేరు, పిలుపు పేరు, పుట్టిన ఊరు, స్త్రీలకైనచో పుట్టినింటిపేరు, చనిపోయిన తిథి అడుగవలెను. ఒకే పేరు మరల వచ్చినచోట భార్య పేరునుబట్టి ఇద్దఱిని వేఱు చేయవచ్చును.

కాలనిర్ణయమునకు సంవత్సరనామముతోపాటు లోకమెఱిగిన సంఘటనను ముడివేయవలెను. నందన కరవు 1832–33, ధాత కరవు 1876–77, దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. 'ధాత కరవునాటికి ఆయన చంటిపిల్లవాడు' అను ఒక్క మాట దొరకినచో 60 ఏండ్ల సందిగ్ధము తొలగును.

ఇద్దఱు పెద్దలు ఒకే కథను రెండు విధములుగా చెప్పినపుడు ఒకదానిని కొట్టివేయరాదు. రెండును పాఠాంతరములు. చెప్పినవారి పేరు, చెప్పిన దినము వ్రాసి రెండింటిని నిలుపవలెను. మాటను ధ్వనిముద్రికలో నిలుపుట నేడు ప్రతి యింటను సాధ్యము. అయితే యంత్రము మాఱినపుడు ముద్రిక పలుకకపోవచ్చును గనుక దానిని కాగితముపై వ్రాసి మూడు ఇండ్లలో మూడు ప్రతులుంచుట మేలు. తాళపత్రములు నిలిచినదియు ప్రత్యంతరముల వలననే.

వంశమును పెంచి చెప్పు మోహమును అదుపున నుంచుట అవసరము. ఆధారము లేక రాజవంశముతో ముడివేసిన వంశవృక్షము మొదటి పరీక్షకే నిలువదు. అది నిజమైన నాలుగు తరములను కూడ అనుమానములోనికి త్రోయును. దత్తత విషయమునను జాగ్రత్త కావలెను. దత్తపుత్రుడు స్వీకరించిన వంశమునకే తర్పణము విడుచుటచే జన్మవంశము మఱుగుపడును. ద్వ్యాముష్యాయణునికి మాత్రమే రెండు వంశములును కలవు. వ్రాతలో ఈ భేదము స్పష్టపడవలెను. ఇల్లు విడిచినవాడు, పసితనమున పోయిన బిడ్డ, కాపురము చెడిన ఆడపడుచు – వీరిని వంశవృక్షమునుండి తొలగించు అలవాటు కలదు. వారును పేరుకు అర్హులే. బ్రదికియున్నవారికి నొప్పి కలిగించు విషయమున్నచో దానిని ప్రకటింపక భద్రపఱచుట యుక్తము; చెఱిపివేయుట యుక్తము కాదు.

ప్రాచ్యకళాశాలలకు ఇందు సహజమైన పాత్ర కలదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోవు విద్యార్థి తన యింటి 12 పేర్లతో తిరిగివచ్చి, వానిపై ఒక తరము సాధించినచో, అది ఇంటిపేర్ల పరిశోధనకును, వలసల చరిత్రకును, మాండలికపదసేకరణమునకును మూలసామగ్రి యగును. పిచ్చికుంట్లవాడో, రుంజవాడో ఇంకను వచ్చు ఊరున అతని పాటను ఒకసారి పూర్తిగా వినిపించుకొని నమోదు చేయుట మఱియు ముఖ్యము.

ఉపసంహారము

సంఖ్యచేత ఏర్పడిన హద్దును ఎవ్వరును జరుపలేరు. ఏడవవాడు ఏడవవాడే. జ్ఞానముచేత ఏర్పడిన హద్దు అట్టిది కాదు. జన్మనామములు తెలియనప్పుడు సమానోదకభావము నివర్తించుననుటలోనే, తెలిసినంతకాలము అది నివర్తింపదను అర్థము ఇమిడియున్నది. మూడు తరముల ఆవలి పేరును ఎఱిగిన వృద్ధులు కొన్ని యిండ్లలో ఇంకను కలరు. వారిలో ఒకరు పోయిననాడు తర్పణమున ఒక పేరు చేరును. ఆ ఒక్కరికే తెలిసిన పేర్లు అనేకములు వారితోనే పోవును. వచ్చు పండుగకు వారు పంక్తిలో కూర్చున్నపుడే అడిగి వ్రాసికొనుట ఆ కుటుంబమునకు సాధ్యమైన పని.